సాయవ్వ చీర ఉతికినవాడు

అఖిలేశ్ ఆ చీరను సబ్బు పెట్టి ఉతికాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. జాడించి, పిండి, పెరట్లో తీగ మీద ఆరేశాడు. ఆరేసి ఫోటో కూడా తీసుకున్నాడు.

అతను అగ్రికల్చర్ బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థి. ఊరు కామారెడ్డి. ఇంటర్న్‌షిప్ కింద కాలేజీ అతన్ని బాన్సువాడ శివారులో, బిచ్కుంద రోడ్డు పక్కన ఉండే పండరి అనే రైతుకు అప్పగించింది. రైతు ఇంట్లో ఉండాలి. రైతు చేసే పని చేయాలి. రైతుకు రెండు మంచి మాటలు చెప్పాలి. చివర్లో రైతు సంతకం పెడితేనే పాసు.

శుక్రవారం నాడు వచ్చాడు. రాగానే కొట్టం చూసి, రిజిస్టర్‌లో ‘పరిశుభ్రమైన పాల ఉత్పత్తి’ అని రాసుకున్నాడు. కొట్టం గుంజకు ఒక ఆకుపచ్చ చీర వేలాడుతోంది. మురికిగా ఉంది. పేడ మరకలున్నాయి. తీసి ఉతికాడు.

చీర ఎవరిదని అడగలేదు. చదువుకున్నవాళ్లు అడగరు.

ఆ సాయంత్రం నుంచి పండరి బర్రె చంద్రి చుక్క పాలు ఇవ్వలేదు.

సోమవారం పొద్దున వానలో స్కూటీ మీద నీల వచ్చింది. పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా పిల్ల. పశువైద్యం చివరి సంవత్సరం చదువుతోంది. ఇంటర్న్‌షిప్ మీద బాన్సువాడ పశువుల దవాఖానలో పనిచేస్తోంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, జడ నుంచి కారుతున్న నీళ్లు. బర్రెను చూడకముందే ఆమె తీగ మీద చీరను చూసింది.

“ఎవడు ఉతికిండు?”

“నేనే మేడమ్,” అన్నాడు అఖిలేశ్ గర్వంగా. “క్లీన్ మిల్క్ ప్రొడక్షన్.”

“నీకో దండం. గా చీర ఎవరిదో ఎరుకేనా?”

“కొట్టం తుడిచే గుడ్డ కాదా?”

నీల కళ్లు మూసుకుని తెరిచింది. ఆ కళ్లు పెద్దవని అఖిలేశ్‌కు అప్పుడే తెలిసింది. తెలుసుకోవడానికి అది మంచి సమయం కాదు.

ఆమె చెప్పింది. చీర సాయవ్వది. సాయవ్వ పండరి భార్య. పోయి రెండేళ్లయింది. చంద్రి ఆమె చేతికి తప్ప ఎవరి చేతికీ చేపేది కాదు. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. దూడ ఉంటే దూడకు చేపుతుంది. ఈ ఈతలో చంద్రి దూడ నెలకే పోయింది. అందుకని పండరి పొద్దున, సాయంత్రం సాయవ్వ చీర కట్టుకుని, కొంగు తల మీద కప్పుకుని, కొట్టం తలుపు మూసి పాలు పిండుతున్నాడు.

పండరికి గుబురు మీసాలున్నాయి. బాన్సువాడలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఒక్కడే నవ్వాడు. పండరి వాడికి అప్పటి నుంచి పొలం గట్టు మీద దారి ఇవ్వడం లేదు.

“రెండేండ్ల వాసన పోగొట్టినవ్,” అంది నీల. “ఏం సబ్బు?”

“నిమ్మకాయ.”

“అయిపాయె.”

పండరి పొలం నుంచి వచ్చాడు. అఖిలేశ్ వైపు చూడలేదు. మూడు రోజులుగా చూడటం లేదు.

“డాక్టరమ్మా, సూదితోని పాలు దిగుతయా?”

“దిగుతయ్ కాకా. కానీ నేను వెయ్య. రోజూ వేస్తే బర్రె ఖరాబ్ అయితది.”

“అట్లయితే ఆదివారం పశువులు కొనే మద్నూర్ వ్యాన్ వస్తది. ఎక్కిస్త.”

“అంకుల్, నిజంగా సారీ…” అన్నాడు అఖిలేశ్.

“అంకుల్ ఎవడు?” అన్నాడు పండరి గోడతో. “చీర సంగతి నేను సచ్చేదాక మాఫ్ జెయ్య.”

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వాన పెద్దదయింది.

నీల పొదుగు పట్టి చూసింది. గట్టిపడుతోంది. చీరను తీగ మీంచి తీసి అఖిలేశ్ మీదికి విసిరింది.

“కట్టుకో.”

“నేనా? నేనెందుకు?”

“ఉతికినోడే కట్టుకోవాలె. జల్ది.”

ట్రాక్ ప్యాంటు మీద కట్టుకున్నాడు. నీల నవ్వు ఆపుకోవడానికి బర్రె వీపు మీద తల పెట్టింది.

“కుచ్చిళ్లు ఎనక పెట్టినవేంది?”

“చీర కట్టుడు మా సిలబస్‌ల లేదు.”

“మీ సిలబస్‌ల ఏమున్నది? బర్రెకు ఎన్ని పండ్లుంటయో చెప్పు.”

“వరికి ఎన్ని పిలకలుంటయో నువ్వు చెప్పు.”

“వరి తంతదా? బర్రె తంతది. గందుకు నేను ఎక్కువ చదవాలె.”

“మీ వెటర్నరీ వాళ్లకు ఇంత పొగరెందుకు?”

“మీ అగ్రికల్చర్ వాళ్లు చేతికి మట్టి అంటకుంట రైతులకు నేర్పుతరు. గందుకు.”

“నేను చేతులతోనే ఉతికిన!”

“గదే కదా నా ఏడుపు!”

సన్నగా చప్పుడైంది. చంద్రి పొదుగు నుంచి పాలు వాటంతటవే నేల మీదికి కారుతున్నాయి.

ఇద్దరూ మాట ఆపేశారు. పాలు కూడా ఆగాయి.

“తిట్టు,” అంది నీల మెల్లగా.

“ఏమని?”

“ఏదో ఒకటి తిట్టు!”

“నువ్వు… నువ్వు శానా మొండిదానివి.”

“గట్టిగ!”

“నీ స్కూటీకి నంబర్ ప్లేట్ లేదు!”

“నీకు మెదడే లేదు!”

చంద్రి చేపింది. నీల అరుస్తూనే వంగి చెంబు కోసం వెతికింది. అప్పటికే పండరి బకెట్‌తో బర్రె కింద కూర్చున్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. చీర లేదు, కొంగు లేదు. పంచెతోనే కూర్చుని పిండాడు. వాళ్లిద్దరూ గొంతు పోయేలా తిట్టుకున్నారు. నాలుగు లీటర్లు వచ్చాయి.

పిండడం అయ్యాక పండరి బకెట్ పక్కకు జరిపాడు.

“మా అమ్మ ఉన్నన్ని రోజులు ఇంట్ల మొగుడు పెండ్లాం మాట్లాడుకోవద్దు. సిగ్గు లేదా అనేది. గీ కొట్టంల, పాలు పిండే యాల్లనే మాట్లాడుకునెటోల్లం.”

“ఏం మాట్లాడుకునెటోల్లు కాకా?” అంది నీల.

“మాట్లాడుకునుడేంది, కొట్లాడుకునెటోల్లం. టైం తక్కువ ఉండె.”

“మరి అవ్వ పోయినంక?”

“చీర కట్టుకుంటే వాసన వచ్చేది. వాసన వస్తే మాట వచ్చేది. తలుపేసి తిట్టెటోన్ని. గీడు ఉతికిండు. ఇగ ఎవర్ని తిట్టాలె?”

“నన్ను తిట్టండి,” అన్నాడు అఖిలేశ్.

పండరి మొదటిసారి అతని వైపు చూశాడు. ఆకుపచ్చ చీరలో, వెనక కుచ్చిళ్లతో నిలబడి ఉన్నాడు.

“నువ్వెవడివి నాకు?” అన్నాడు.

చంద్రికి వాసనతో పని లేదు. మొగుడూ పెళ్లాల కొట్లాట కావాలి. అదే దానికి చేపు. కొట్టంలో మూడు రోజులు నిశ్శబ్దంగా ఉండేసరికి అది బిగబట్టింది.

శనివారం సాయంత్రం పండరి పెరట్లోనే అఖిలేశ్ పాలు పిండే పద్ధతి మీద ప్రదర్శన పెట్టాలి. కాలేజీ నుంచి దేవదాస్ సార్ మార్కులు వేయడానికి వస్తారు. అప్పటిదాకా రెండు పూటలా వచ్చి కొట్లాడతామని నీల చెప్పింది. పండరి మద్నూర్ వ్యాన్ మాత్రం రద్దు చేయలేదు.

“మీరు పోతరు. పోయినంక నా బర్రె సంగతేంది? శనివారం దాక చూస్త. గా రోజు ఇయ్యకపోతే ఆదివారం ఎక్కిస్త.”

ఆ మాట అంటూ అతను చంద్రి మెడ కింద గోకుతున్నాడు. ఆ ఇంట్లో సాయవ్వను ఎరిగిన ప్రాణాలు ఇంక రెండే.

అఖిలేశ్ పట్టిక గీశాడు. తేదీ, పూట, కొట్లాట అంశం, లీటర్లు. సోమవారం సాయంత్రం అంశం ‘రసాయన ఎరువులా, పేడ ఎరువా?’ ఇద్దరూ కాగితాలు చూసి చదివారు. చంద్రి నెమరు వేసింది. ఒక్క చుక్క రాలేదు.

“చూసి చదువుతవేంది, వార్తలా?” అని నీల కాగితం లాగి చింపేసింది. అది తన రాత అని అఖిలేశ్ నిజంగా కోపం తెచ్చుకున్నాడు. మూడు లీటర్లు వచ్చాయి.

మంగళవారం అసలైన కొట్లాట దొరికింది. నీల అతని రిపోర్టు తిరగేసింది.

“మా తండాను ఏమని రాసినవ్?”

“ఏమని?”

“‘పశుపోషణపై అవగాహన లేని ప్రాంతం.’ ఎప్పుడు పోయినవ్ తండాకు?”

“పోలేదు. పాత రిపోర్టుల ఉన్నది, కాపీ చేసిన.”

“మా బా, మా నాయిన, ఒక్క చూపుతోని బర్రె కడుపుల దూడ ఎట్లున్నదో చెప్తడు. ఆయనకు అవగాహన లేదు. చీర ఉతికినోనికి ఉన్నది!”

నాలుగున్నర లీటర్లు వచ్చాయి. పండరి ఇంకో చెంబు తెచ్చుకోవాల్సి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం అఖిలేశ్ తండాకు వెళ్లాడు. నీల స్కూటీ వెనక కూర్చుని వెళ్లాడు. దారిలో వాన పట్టుకుంది. చెరకు తోట పక్కన ఆగారు. ఒక్కటే ప్లాస్టిక్ సంచి ఉంది. ఆమె దాన్ని అతని రిజిస్టర్ మీద కప్పింది.

“నువ్వు తడుస్తున్నవ్,” అన్నాడు.

“నేను ఎండుత. నీ రిజిస్టర్ ఎండదు.”

అతను ఏదో అనబోయేలోపే వాన తగ్గింది.

నీల తండ్రి సేవ్యా ఎర్ర రుమాలు చుట్టుకుని పాకలో కూర్చుని ఉన్నాడు. అఖిలేశ్ తను తయారుచేసిన ప్రశ్నల ఫారం తీస్తే, బర్రెల గురించి రెండు గంటలు చెప్పాడు. కాలేజీలో ఒక సెమిస్టర్ మొత్తం చెప్పనివి చెప్పాడు. అఖిలేశ్ నాలుగు జొన్న రొట్టెలు తిన్నాడు. అక్కడే కూర్చుని రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశాడు. నీల చూసింది.

నష్టం అక్కడే మొదలైంది.

గురువారం పొద్దున రెండు లీటర్లు.

“నిన్న నేను ఎక్కువ మాట్లాడిన,” అంది నీల.

“లేదు, నువ్వు చెప్పిందే కరెక్ట్.”

“నీదీ పూర్తిగ తప్పు కాదు.”

చంద్రి మెడ తిప్పి ఇద్దరినీ చూసింది.

గురువారం సాయంత్రం ఒకటిన్నర. శుక్రవారం పొద్దున ముప్పావు. అఖిలేశ్ గ్రాఫ్ గీశాడు. గీత కిందికి జారుతోంది. దాన్ని చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. గీసినవాడికి తప్ప.

“ఏమైంది మీకు?” అన్నాడు పండరి.

“ఏం కాలే కాకా.”

“నాకు గదే ఫికర్.”

శుక్రవారం సాయంత్రం నీల అతనికి ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి ఇచ్చింది. అతను ఆమె స్కూటీకి నంబర్ ప్లేట్ పెయింట్ చేసి పెట్టాడు. బకెట్ అడుగు కూడా తడవలేదు. పండరి బకెట్ బోర్లించి, బయటికి వెళ్లి వ్యాన్ అతనికి ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున పది గంటలకు రమ్మన్నాడు.

శనివారం నాలుగు గంటలకు పెరట్లో టెంటు వేశారు. నలభై మంది రైతులొచ్చారు. టీ ఉందని ఇంకో పదిమంది వచ్చారు. సేవ్యా ముందు వరసలో కూర్చున్నాడు. కూతురు పిలిచిందట. దేవదాస్ సార్ కుర్చీలో కూర్చుని మార్కుల షీటు ఒడిలో పెట్టుకున్నారు.

అఖిలేశ్ చేతులు కడిగాడు. పొదుగు కడిగాడు. పొడిగుడ్డతో తుడిచాడు. ప్రతి పనికీ మైకులో కారణం చెప్పాడు. పండరి బకెట్‌తో కూర్చున్నాడు.

పాలు రాలేదు.

“ఏమయ్యా, పాలేవి?” అన్నారు దేవదాస్ సార్.

“ఒక్క నిమిషం సార్,” అని నీల అఖిలేశ్ పక్కకు జరిగింది. “కొట్లాడు,” అని గుసగుసలాడింది.

“నీ… నీ బూట్లు మంచిగ లేవు.”

“అవును, పాతయి. నీ గ్రాఫ్ గీతలు వంకర.”

“నిజమే. స్కేల్ విరిగింది.”

రైతుల్లో ఎవరో నవ్వారు. పండరి తల ఎత్తి ఇద్దరినీ చూశాడు. తిట్టలేదు. చంద్రి వెనక కాలు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు. అది చూసి నీల ముఖం తిప్పుకుంది.

“జల్ది కానియ్యుర్రి సారూ,” అన్నాడు సేవ్యా ముందు వరస నుంచి. “పిల్ల సామాను సదురుకోవాలె. రేపు హైదరాబాద్ బస్సున్నది.”

అఖిలేశ్ చేతిలో మైకు ఉంది. దాన్ని ఆపడం మరిచిపోయాడు.

“హైదరాబాదా? ఎందుకు?”

“ఇక్కడి పోస్టింగ్ ఇయ్యాల్టితోని అయిపోయింది. నెక్స్ట్ అక్కడ.”

“ఎన్నడు ఎరుకైంది నీకు?”

“పోయిన నెలనే.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అడిగినవా?”

“వారం రోజుల సంది పొద్దుమాపు పక్కనే నిలవడ్డ! ఒక్క మాట చెప్పరాదా?”

“నలభై రెండు ప్రశ్నల ఫారం రాసినవ్! బర్రె ఏం తింటది, ఎన్నిసార్లు నీళ్లు తాగుతది, కొట్టంల దోమలున్నయా! నీలా, నువ్వెప్పుడు పోతవని ఒక్క ప్రశ్న లేదు!”

బకెట్‌లో చప్పుడు మొదలైంది. పండరి చేతులు కదులుతున్నాయి.

“నలభై మూడోది ఉండె! కొట్టేసిన!”

“ఎందుకు కొట్టేసినవ్?”

“నువ్వు ‘కాదు’ అని టిక్ పెడ్తవని!”

“ఏం ప్రశ్న గది?”

అఖిలేశ్‌కు మైకు కనిపించింది. తరువాత జనం కనిపించారు. తరువాత సేవ్యా కనిపించాడు. నోరు మూతపడింది. బకెట్‌లో చప్పుడు సన్నబడింది.

“చెప్పు పిల్లగా!” అని వెనక వరస నుంచి అరిచారు. “పాలు ఆగుతున్నయ్!”

“నన్ను పెండ్లి చేసుకుంటవా అని!”

“పెండ్లి సంగతి ఫారంల అడుగుతరా? అవును, కాదు, చెప్పలేను అని డబ్బాలు కూడ గీసినవా?”

“గీసిన!”

“నీ అంత పిచ్చోన్ని నేను జిల్లాలనే చూడలే!”

“పిచ్చోడే! ఏ డబ్బాల టిక్ పెడ్తవో చెప్పు!”

“మొదటి డబ్బ! వారం రోజుల సంది మొదటి డబ్బనే! కండ్లున్నయా నీకు?”

మైకులో అదంతా బిచ్కుంద రోడ్డు దాకా వినిపించింది. ఒక లారీ ఆగింది. చంద్రి కళ్లు సగం మూసుకుని నిలబడింది. పండరి బకెట్ మార్చాడు.

అయిదున్నర లీటర్లు.

దేవదాస్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఈ పద్ధతి పుస్తకంలో లేదు,” అన్నారు. షీటు మీద ఏదో రాశారు.

అప్పుడు అందరూ సేవ్యా వైపు చూశారు. అతను రుమాలు విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

“బుధవారం వచ్చిండు. నాలుగు రొట్టెలు తిన్నడు. తండా గురించి రాసింది తప్పని నా ముంగటనే కొట్టేసిండు. గప్పుడే అనుమానమొచ్చింది.” అఖిలేశ్ వైపు తిరిగాడు. “చదువులు కానియ్యుర్రి. నీ అమ్మనాయినను తండాకు తోలుకరా. వాళ్లకు ఇష్టం లేకపోతే వాళ్లతోని నేను కొట్లాడుత. మా బర్రెలు కూడ ఎన్ని ఇస్తయో చూస్తం.”

నీల తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో జడ అడ్డం వచ్చి కనిపించలేదు.

ఆదివారం పది గంటలకు మద్నూర్ వ్యాన్ వచ్చింది. పండరి గేటు తీయలేదు. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజే పండరి అఖిలేశ్ సర్టిఫికెట్ నింపాడు. అయిదో తరగతి చదివిన చేతిరాత. ‘విద్యార్థి ప్రవర్తన’ ఎదురుగా ‘చీర ఉతికిండు’ అని రాశాడు. ‘విద్యార్థి నేర్చుకున్నది’ ఎదురుగా ‘కొట్లాట’ అని రాశాడు. ‘సూచనలు’ ఎదురుగా చాలాసేపు ఆలోచించి, ‘పిల్లను ఇడవద్దు’ అని రాశాడు. సంతకం పెట్టాడు.

“మాఫ్ చేసినట్టేనా కాకా?” అన్నాడు అఖిలేశ్.

“లేదు.”

సోమవారం పొద్దున కొట్టం గుంజకు ఫోన్ కట్టారు. స్పీకర్ పెట్టారు. నీల హైదరాబాద్ హాస్టల్ నుంచి మాట్లాడింది.

“రాత్రి చేరినంక ఫోన్ చెయ్యమన్న. చేసినవా?” అన్నాడు అఖిలేశ్.

“నువ్వు చెయ్యరాదా? నీ వేళ్లు విరిగినయా?”

పండరి బకెట్ కింద పెట్టాడు. చంద్రి చేపుకు వచ్చింది. నాలుగు ధారలు పడ్డాయో లేదో, ఫోన్ కీచుమని ఆగిపోయింది. సిగ్నల్ లేదు. అఖిలేశ్ ఫోన్ విప్పుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

మైలురాయి దగ్గర సిగ్నల్ దొరికింది. “ఉండు, ఉండు, లోపలికి పోతున్న, ఆపకు,” అంటూ వెనక్కి వచ్చాడు. కొట్టం తలుపు మూసి ఉంది. తొయ్యబోయి ఆగాడు.

లోపల పండరి గొంతు.

“విన్నవా గా పిల్లను? నీ లెక్కనే. ఒక్క మాట అంటే పది మాటలు… నీ చీర ఉతికిండు వాడు. నిమ్మకాయ సబ్బుతోని. నువ్వున్నప్పుడు ఎన్నడన్న గంత మంచిగ ఉతికినవానే? ఇప్పుడు చూడు, పచ్చగ మెరుస్తున్నది. ఏం లాభం, కట్టుకునేదానివి లేకపోతివి. పోయెటప్పుడు ఒక్క మాట చెప్పి పోరాదా? ముప్పై ఏండ్లు నోరు మూయలే, గా రోజే మూస్తివి…”

“ఏమైంది?” అంది నీల ఫోన్‌లో. “పాలు ఆగినయా? తిట్టాలెనా?”

“వద్దు,” అన్నాడు అఖిలేశ్ మెల్లగా. “ఆయన మాట్లాడుతుండు.”

“ఎవరితోని?”

అతను ఫోన్‌ను తలుపు సందు దగ్గర పెట్టాడు. బకెట్ నిండుతున్న చప్పుడు హైదరాబాద్ దాకా వినిపించింది. ఆ పూట వాళ్లిద్దరూ కొట్లాడలేదు.